పేస్‌మేకర్ తర్వాత మళ్లీ పారాచూట్

పేస్‌మేకర్ పెట్టించుకున్న మనిషికి మన ఇళ్లలో చెప్పే జాగ్రత్తలు అందరికీ తెలిసినవే. సెల్‌ఫోన్ ఎడమ జేబులో పెట్టుకోవద్దు. ఇండక్షన్ పొయ్యికి రెండడుగుల దూరంలో ఉండు. బరువులెత్తకు. ఎయిర్‌పోర్టులో కార్డు చూపించు. ఇన్ని జాగ్రత్తల మధ్య బతుకుతున్న మనిషి "నేను మళ్లీ విమానంలోంచి దూకుతాను" అంటే ఇంట్లోవాళ్లు డాక్టరు మొహం చూస్తారు. స్కైడైవింగ్‌తో పరిచయం లేని డాక్టరయితే వెంటనే "వద్దు" అనేస్తారు. అక్కడితో మాట ఆగిపోతుంది.

అమెరికాలో, బ్రిటన్‌లో, ఫ్రాన్స్‌లో, ఆస్ట్రేలియాలో మాత్రం ఈ మాట అంత తేలిగ్గా ఆగదు. అక్కడ చాలామందికి స్కైడైవింగ్ అంటే జన్మకోసారి దూకి ఫోటో దిగే సరదా కాదు. ఇరవయ్యేళ్ల వయసులో మొదలుపెట్టి అరవై దాటాక కూడా శని, ఆదివారాలు డ్రాప్‌జోన్‌లోనే గడిపేవాళ్లున్నారు. వెయ్యి జంప్‌లు పూర్తి చేసినవాళ్లు ఆ మైదానాల్లో అరుదేమీ కాదు. వాళ్ల స్నేహాలు, వాళ్ల పరువు, కొందరికి జీవనోపాధి కూడా అక్కడే. గుండెలోని విద్యుత్ మార్గాలు వయసుతో పాడయ్యేదీ అరవై దాటిన ఆ రోజుల్లోనే. అందుకే పేస్‌మేకర్ పెట్టించుకున్నాక వాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఎన్నాళ్లు బతుకుతాను?" కాదు, "మళ్లీ ఎప్పుడు దూకవచ్చు?" అన్నది. ఈ ప్రశ్నకు భయంతో అడ్డంగా తలూపడం ఎంత తప్పో, "ఏం ఫరవాలేదు, నీ ఇష్టం" అనడమూ అంతే తప్పు. పేస్‌మేకర్ ఉందా లేదా అన్న ఒక్క మాట మీద దీన్ని తేల్చకూడదని నా అభిప్రాయం. అది ఎందుకు పెట్టారు, అది లేకపోతే గుండె సొంతంగా నడుస్తుందా, దాని తీగ ఏ పట్టీ కింద పోతోంది, ఆ మనిషి ప్రాణం మీద ఇంకెవరి ప్రాణం ఆధారపడి ఉంది, ఇవి చూసి తేల్చాలి.

పేస్‌మేకర్ చరిత్ర కూడా జాగ్రత్తగా మంచం పట్టిన మనుషుల చరిత్ర కాదు. 1958 అక్టోబరు 8న స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఆసుపత్రిలో సర్జన్ ఓకే సెన్నింగ్, ఇంజనీర్ రూనె ఎల్మ్‌క్విస్ట్ కలిసి ఆర్నె లార్సన్ అనే నలభై మూడేళ్ల మనిషి ఒంట్లో ప్రపంచంలోనే మొదటి పేస్‌మేకర్ అమర్చారు. హార్ట్ బ్లాక్ వల్ల ఆయన రోజుకు ఎన్నోసార్లు స్పృహ తప్పి పడిపోయేవాడు. మొదటి యంత్రం కొన్ని గంటలే పనిచేసింది. ఆ తర్వాత ఒకదాని తర్వాత ఒకటి మారుస్తూ పోయారు. ఆయన మాత్రం 2001 వరకు, ఎనభై ఆరేళ్లు బతికాడు. తనకు ప్రాణం పోసిన సర్జన్ కన్నా, ఇంజనీర్ కన్నా ఎక్కువ కాలం ఉన్నాడు. చివరికి పోయింది కూడా గుండె జబ్బుతో కాదు, చర్మ క్యాన్సర్‌తో. పేస్‌మేకర్ పుట్టిందే ఆగిపోయిన జీవితాన్ని మళ్లీ నడిపించడానికి. ఈ సంగతి మనసులో ఉంచుకునే మిగతా విషయం చూడాలి.

ఇంట్లోవాళ్లకు తట్టని సంగతి ఒకటుంది. పేస్‌మేకర్ పెట్టిన ఏడాది ఆ మనిషి దూకడం ప్రమాదమే అనుకుందాం. దానికి ముందటి ఏడాది దూకినప్పుడు ప్రమాదం అంతకంటే చాలా ఎక్కువ. గుండె మధ్యమధ్య మూడు నాలుగు సెకన్లు ఆగిపోతోందని తెలియకుండా, "ఈమధ్య కాస్త కళ్లు తిరుగుతున్నాయి, నిద్ర చాలక కాబోలు" అనుకుంటూ దూకిన మనిషి నిజంగా చావు అంచున తిరిగాడు. వైద్యం జరిగిన గుండె వైద్యం జరగని గుండె కన్నా నమ్మకమైనది. మిగతా లెక్కలన్నీ దీని తర్వాతే.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ గుండె పేస్‌మేకర్ మీద ఎంతగా ఆధారపడి ఉంది? పేస్‌మేకర్ ఉన్నవాళ్లందరూ ఒకటే అనుకుంటాం గాని వాళ్లలో రెండు రకాలవాళ్లు ఉంటారు. కొందరికి గుండె లయను పుట్టించే సైనస్ నోడ్ అప్పుడప్పుడు మొరాయిస్తుంది. యంత్రం రోజులో కాసేపే పని చేస్తుంది, మిగతా సమయమంతా గుండె తనంతట తానే కొట్టుకుంటుంది. ఇంకొందరికి హార్ట్ బ్లాక్ వల్ల పై గదుల నుంచి కింది గదులకు పోయే దారి పూర్తిగా తెగిపోయి ఉంటుంది. వాళ్లలో కొందరికి యంత్రం ఆగిన క్షణం గుండె కింది గదులూ ఆగిపోతాయి. వీళ్లిద్దరికీ ఒకే సలహా చెప్పడం అన్యాయం.

ఈ తేడా క్లినిక్‌లోనే తెలుస్తుంది. పేషెంటును బల్ల మీద పడుకోబెట్టి, ప్రోగ్రామర్ అనే కంప్యూటర్‌ను పేస్‌మేకర్‌తో కలుపుతారు. టెక్నీషియన్ యంత్రం వేగాన్ని మెల్లగా తగ్గిస్తూ వస్తారు. అరవై, యాభై, నలభై, ముప్ఫై. తెర మీద గీత వంకే చూస్తూ "కళ్లు తిరుగుతున్నట్టుందా అండీ? ఒళ్లు తేలిపోతున్నట్టుందా?" అని అడుగుతుంటారు. యంత్రం తగ్గుతుంటే గుండె సొంత లయ అందుకుని యాభైకో యాభై అయిదుకో నిలబడితే, అది ఆధారపడని గుండె. గీత అలాగే సాగిపోతూ ఏమీ రాకపోతే టెక్నీషియన్ వేలు వెంటనే బటన్ మీదికి పోతుంది, వేగం మళ్లీ పెరుగుతుంది. ఐదు నిమిషాల పరీక్ష ఇది. మళ్లీ దూకాలనుకునే మనిషి తన ఫైలులో మొదట వెతకాల్సిన కాగితం ఈ పరీక్షదే. ఒక్కసారి చేసి ఊరుకోకూడదు కూడా. ఇవాళ ఆధారపడని గుండె మూడేళ్లకు పూర్తిగా ఆధారపడవచ్చు.

వైద్య సంఘాలు కూడా గీత ఇక్కడే గీశాయి. అమెరికా హృద్రోగ సంఘాలు 2015లో క్రీడాకారుల గురించి ఇచ్చిన సూచనల ప్రకారం, పేస్‌మేకర్ మీద పూర్తిగా ఆధారపడినవాళ్లు దెబ్బ తగిలి యంత్రం పాడయ్యే ఆటలు ఆడకూడదు. ఆధారపడనివాళ్లు, గుండె నిర్మాణంలో ఆటకు అడ్డొచ్చే లోపం లేనివాళ్లు, ప్రమాదం తెలుసుకుని ఒప్పుకుంటే ఆడవచ్చు. ఈ మాటలు ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ లాంటి ఆటల్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. స్కైడైవింగ్‌కు వాటిని అన్వయించాలంటే అందులో దెబ్బ ఎక్కడ తగులుతుందో తెలియాలి. ఈ ఆట ఆడని డాక్టరుకు ఆ సంగతి తెలిసే అవకాశం తక్కువ.

దెబ్బంటే చాలామంది నేల మీద దిగేటప్పుడు తగిలేది అనుకుంటారు. పేస్‌మేకర్‌కు అసలు పరీక్ష అంతకు చాలా ముందే, పారాచూట్ విచ్చుకునే నాలుగు సెకన్లలో ఉంటుంది. పదమూడు వేల అడుగుల దగ్గర విమానం వదిలిన మనిషి బోర్లా పడుతూ గంటకు సుమారు 190 కిలోమీటర్ల వేగం అందుకుంటాడు. ఒక నిమిషం అలా పడ్డాక, నాలుగు వేల అడుగుల దగ్గర చెయ్యి వెనక్కి పెట్టి చిన్న పైలట్ చూట్‌ను గాలిలోకి విసురుతాడు. పెద్ద పారాచూట్ తెరుచుకుంటుంది, ఒళ్లు ఒక్కసారిగా నిలువుగా లేస్తుంది. ఆ క్షణాన బరువంతా హార్నెస్ మీద పడుతుంది. మామూలుగా అది ఒంటి బరువుకు మూడు నుంచి అయిదు రెట్లు ఉంటుంది. పారాచూట్ సరిగా మడవకపోతేనో, తెరుచుకునేటప్పుడు తలకిందులుగా ఉంటేనో అంతకు మించిపోతుంది. అలాంటి గట్టి కుదుపులకు మెడలు దెబ్బతిన్నవాళ్లున్నారు, ప్రాణాలు పోయినవాళ్లూ ఉన్నారు.

ఆ హార్నెస్ పట్టీ ఎక్కడ ఉంటుందో చూడండి. తొడల దగ్గర మొదలైన వెడల్పు పట్టీ నడుము మీదుగా, ఛాతీ పక్కగా పైకి వచ్చి, భుజం ముందు భాగాన్ని ఒరుసుకుంటూ వీపు మీది సంచిలోకి పోతుంది. పేస్‌మేకర్ ఎక్కడ ఉంటుంది? కాలర్ ఎముకకు రెండు వేళ్ల కింద, సాధారణంగా ఎడమవైపు, చర్మం కింద కుట్టిన చిన్న జేబులో. అక్కడి నుంచి లీడ్ అనే సన్నని తీగ కాలర్ ఎముకకూ మొదటి ప్రక్కటెముకకూ మధ్య ఉన్న ఇరుకు సందులోంచి సిరలోకి దూరి గుండెలోకి పోతుంది. పట్టీ కూడా సరిగ్గా అదే చోటికి వస్తుంది. యంత్రం పైపెట్టె టైటానియంది, దానికి తొందరగా ఏమీ కాదు. భయపడాల్సింది తీగ గురించి. ఆ ఎముకల సందులో లీడ్ నలిగి, పైతొడుగు చిరిగి, చివరికి లోపలి తీగ తెగడం డాక్టర్లకు బాగా తెలిసిన సమస్యే. బరువులెత్తేవాళ్లలో, చేతులు పదేపదే తల మీదికి లేపే పని చేసేవాళ్లలో ఈ ముప్పు ఎక్కువ. స్కైడైవర్ కూడా పారాచూట్ కింద ఐదారు నిమిషాలు రెండు చేతులూ పైకెత్తి, దాన్ని నడిపే టాగుల్స్ పట్టుకునే ఉంటాడు. దిగేటప్పుడు వాటిని రెండు చేతులతో కిందికి బలంగా లాగుతాడు. ఒక్క జంప్‌తో తీగ తెగుతుందని ఎవరూ అనరు. ఏడాదికి రెండు వందల జంప్‌లు, పదేళ్లు అన్నప్పుడే లెక్క మారుతుంది. బ్యాటరీ అయిపోతే పెట్టె మారుస్తారు గాని లీడ్ మాత్రం వీలైనంత కాలం అదే ఉంటుంది. అందుకే యాభై ఏళ్ల స్కైడైవర్‌కు రెండు లీడ్లు పెట్టేటప్పుడే ముందున్న ముప్ఫై ఏళ్లూ ఆలోచించాలి.

రిజర్వ్ పిడి సంగతి కూడా చెప్పుకోవాలి. ప్రధాన పారాచూట్ మొరాయిస్తే కుడివైపు పిడి లాగి దాన్ని వదిలించుకుని, ఎడమవైపు పిడి లాగి రిజర్వ్ పారాచూట్ తెరవాలి. ఎడమ పిడి ఛాతీ పక్కనే, పేస్‌మేకర్ కుట్టు కింద కొంచెం దూరంలో ఉంటుంది. ఆపరేషన్ నొప్పి పోలేదనో, భుజం బిగుసుకుపోయిందనో ఆ పిడి గట్టిగా లాగలేకపోతే ఆ మనిషి పేస్‌మేకర్ ఎంత బాగా పనిచేసినా లాభం లేదు. ఆపరేషన్ తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు ఎడమ చెయ్యి భుజం ఎత్తు దాటి లేపవద్దంటారు. ఆ భయంతో చాలామంది నెలల తరబడి చెయ్యి కదపరు, భుజం పట్టేస్తుంది. ఫిజియోథెరపీ ఇక్కడ విలాసం కాదు, ప్రాణరక్షణ.

దూకే ముందు విమానం తలుపు దగ్గర గుండె వేగం గురించి డాక్టర్లు కూడా తరచు వదిలేసే విషయం ఒకటుంది. పేస్‌మేకర్లలో ఎక్కువగా ఒంటి కదలికను బట్టి వేగం పెంచే సెన్సర్ ఉంటుంది. నడిస్తే, మెట్లెక్కితే దానికి తెలుస్తుంది. భయం దానికి తెలియదు. సైనస్ నోడ్ పాడైన మనిషి విమానం తలుపు దగ్గర కదలకుండా నిలబడి ఉంటే, అడ్రినలిన్ ఒళ్లంతా పొంగుతున్నా యంత్రం డెబ్భై దగ్గరే ఉండిపోవచ్చు. హార్ట్ బ్లాక్ ఉన్న మనిషిది ఇంకో సమస్య. పై గదులు ఆరోగ్యంగా ఉంటాయి, భయానికి నిమిషానికి 150, 160 కొట్టుకుంటాయి. యంత్రం ప్రతి కబురునూ కింది గదులకు చేరవేయాలి గాని, దానికి ఒక గరిష్ఠ పరిమితి పెట్టి ఉంటుంది. చాలాసార్లు అది 130. పరిమితి దాటితే మధ్యమధ్య ఒక్కో కబురు వదిలేస్తుంది. ఇంకా పెరిగితే రెండింటికి ఒకటే పంపుతుంది. అంటే పై గది 160 కొడుతుంటే కింది గది ఒక్కసారిగా 80కి పడిపోతుంది. ఇంట్లో సోఫాలో కూర్చున్న మనిషికి ఇది కాసేపటి నీరసం. గాలిలో తలుపు అంచున నిలబడ్డ మనిషికి కళ్లు చీకట్లు కమ్మే క్షణం. దీన్ని సరిచేయడానికి ఆపరేషన్ అక్కర్లేదు. ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి, ఆ మనిషి గుండె ఎంత వేగానికి పోతుందో చూసి, పరిమితిని పైకి జరిపితే సరిపోతుంది. అడగకపోతే మాత్రం ఫ్యాక్టరీలో పెట్టిన అంకెలే ఉండిపోతాయి.

ఎత్తు గురించి భయపడాల్సింది తక్కువే. పదమూడు వేల అడుగుల దగ్గర గాలిలో ఆక్సిజన్ ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానిలో సుమారు 60 శాతమే. అయితే అక్కడ ఉండేది కొద్ది నిమిషాలే. పేస్‌మేకర్ ఇచ్చే చిన్న విద్యుత్ దెబ్బకు గుండె కండరం స్పందించే స్థాయి ఎత్తులో మారుతుందా అని పేషెంట్లను 4000 మీటర్ల ఎత్తుకు సమానమైన గదిలో ఉంచి చూశారు. చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని 2000లో ప్రచురించారు. స్కైడైవర్లు దూకే ఎత్తూ అదే. అయితే పేస్‌మేకర్ పెట్టేటప్పుడు అరుదుగా ఊపిరితిత్తి పక్కన గాలి చేరుతుంది. అది పూర్తిగా తగ్గిందని ఎక్స్‌రేలో చూడకుండా విమానం ఎక్కకూడదు. రక్తనాళాలు సన్నబడ్డ గుండె ఉన్నవాళ్లకు ఈ ఆక్సిజన్ లెక్క కూడా వేరు.

ఇంట్లోవాళ్లు భయపడే అయస్కాంతాల సంగతికి స్కైడైవింగ్‌లోనూ చోటుంది. కొన్ని హార్నెస్‌లలో భుజం మీది మూతలు అయస్కాంతాలతో మూసుకుంటాయి. పేస్‌మేకర్ మీదికి గట్టి అయస్కాంతం వస్తే అది గుండె సొంత లయను వినడం మానేసి ఒక స్థిరమైన వేగంతో కొట్టుకుంటూ పోతుంది. అయస్కాంతం తీసేస్తే మామూలు స్థితికి వస్తుంది. పదిహేను సెంటీమీటర్ల దూరం ఉంటే చాలంటారు. పట్టీ తొడుక్కుని, అద్దం ముందు నిలబడి, ఆ అయస్కాంతాలు కుట్టుకు ఎంత దూరంలో ఉన్నాయో స్కేలుతో కొలవడం ప్రతి పేస్‌మేకర్ స్కైడైవర్ చెయ్యాల్సిన పని. దూరం చాలకపోతే అయస్కాంతాలు లేని మూతలున్న హార్నెస్ తీసుకోవాలి.

ఇక్కడిదాకా యంత్రం గురించే. యంత్రం పెట్టించిన జబ్బు సంగతి వేరే. పేస్‌మేకర్ గుండె వేగాన్ని సరిచేస్తుంది. గుండె కండరాన్ని, కవాటాన్ని, రక్తనాళాన్ని ముట్టుకోదు. నలభై ఏళ్లకే హార్ట్ బ్లాక్ వచ్చిందంటే దాని వెనక సార్కాయిడోసిస్ లాంటి జబ్బు దాగి ఉందేమో వెతకాలి. అది పెరిగితే ప్రాణాంతకమైన వేగపు లయలు వస్తాయి, వాటిని మామూలు పేస్‌మేకర్ ఆపలేదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లలో చాలామందికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కూడా ఉంటుంది. దానికి రక్తం పలచబరిచే మందులు వాడతారు. నా దృష్టిలో ఈ మందులు పేస్‌మేకర్ కన్నా పెద్ద అడ్డంకి. దిగేటప్పుడు కాలు మడతపడటం, తల నేలకు తగలడం స్కైడైవింగ్‌లో అరుదేమీ కాదు. మామూలు మనిషికి అది బొప్పి. మందు వాడే మనిషికి మెదడులో రక్తస్రావం కావచ్చు. ఈ మందు రాసిన డాక్టరుకు స్కైడైవింగ్ సంగతి చెప్పకుండా దాచేవాళ్లు తమను తామే మోసం చేసుకుంటున్నారు.

ఐసీడీ ఉన్నవాళ్ల గురించి నా అభిప్రాయం కచ్చితంగా చెబుతాను. ఐసీడీ అంటే ప్రమాదకరమైన లయ వస్తే లోపలి నుంచే షాక్ ఇచ్చే యంత్రం. 2013లో అమెరికాలో ప్రచురితమైన అధ్యయనంలో ఐసీడీ ఉండి ఆటలు ఆడుతున్న 372 మందిని సగటున రెండున్నరేళ్లకు పైగా గమనించారు. ఆడుతూ ఎవరూ చనిపోలేదు, షాక్ తగిలి ఎవరికీ గాయం కాలేదు. అంతకు ముందు "ఐసీడీ ఉంటే గోల్ఫ్ తప్ప ఏదీ వద్దు" అనే సలహాను ఈ అధ్యయనం కదిలించింది. అది మంచిదే. వాళ్లలో ఎక్కువమంది పరుగు, బాస్కెట్‌బాల్, ఫుట్‌బాల్ ఆడేవాళ్లు. మైదానంలో షాక్ తగిలితే కూర్చుంటాడు, పక్కనవాళ్లు చుట్టూ చేరతారు. పారాచూట్ కింద రెండు వందల అడుగుల ఎత్తులో షాక్ తగిలితే కూర్చోవడానికి నేల లేదు. కాబట్టి ఆ అధ్యయనాన్ని చూపించి స్కైడైవింగ్‌కు అనుమతి అడగడం సరికాదు. ఐసీడీ ఉన్నవాళ్లు ఒంటరిగా దూకకూడదు.

"నాకు స్పృహ పోయినా నా హార్నెస్‌లో ఉన్న యంత్రం రిజర్వ్ తెరుస్తుంది" అని వాదించేవాళ్లున్నారు. జర్మనీ కంపెనీ 1991లో సైప్రెస్ అనే ఇలాంటి పరికరాన్ని తెచ్చినప్పటి నుంచి ఈ పరికరాలు వేలమందిని కాపాడాయి. 750 అడుగుల దగ్గర ఇంకా వేగంగా పడిపోతుంటే అది రిజర్వ్ తాడును తెంచి పారాచూట్ తెరుస్తుంది. అంతవరకు నిజమే. ఆ పారాచూట్‌ను నడిపేదెవరు? చెట్టు తప్పించేదెవరు? చివర్లో టాగుల్స్ కిందికి లాగి వేగం తగ్గించేదెవరు? అమెరికాలో 2023లో సుమారు 36 లక్షల 50 వేల జంప్‌లకు పది మంది చనిపోయారని అక్కడి పారాచూట్ అసోసియేషన్ లెక్క. అంత తక్కువ సంఖ్య రావడానికి కారణం పరికరాలతో పాటు చివరి క్షణం వరకు తెలివితో ఉన్న మనిషి. తెరుచుకున్న మంచి పారాచూట్ కిందే, దిగేటప్పుడు చేసిన పొరపాటు వల్లే పోయినవాళ్లు ఈ ఆటలో తక్కువేమీ కాదు. కాబట్టి స్పృహ తప్పే అవకాశం ఉన్న మనిషికి ఈ పరికరం పూర్తి భరోసా కాదు.

తన ప్రాణం మీద తనకు హక్కుంది. ఆ మాటను నేను గట్టిగా నమ్ముతాను. ఇంకొకరి ప్రాణం మీద మాత్రం లేదు. బ్రిటన్‌లో పేస్‌మేకర్ పెట్టించుకున్న మనిషి వారం తర్వాత సొంత కారు నడపవచ్చు. బస్సు, లారీ నడపాలంటే ఆరు వారాలు ఆగాలి. ఒకే మనిషి, ఒకే యంత్రం, అయినా వెనక కూర్చున్నవాళ్ల కోసం ప్రభుత్వం గీత మార్చింది. అమెరికా విమానయాన శాఖ శాశ్వత పేస్‌మేకర్‌ను పైలట్ వైద్య ధృవపత్రానికి నేరుగా అడ్డొచ్చే పదిహేను జబ్బుల జాబితాలో ఉంచింది. అయినా పూర్తి పరీక్షలు చేయించుకుంటే ప్రత్యేక అనుమతి దారి తెరిచి పెట్టింది. స్కైడైవింగ్‌లోనూ ఇదే న్యాయం పాటించాలి. టాండమ్ ఇన్‌స్ట్రక్టర్ ఛాతీకి ఒక కొత్త మనిషి కట్టి ఉంటాడు. అతనికి పారాచూట్ తెరవడం రాదు, దింపడం రాదు. పేస్‌మేకర్ మీద ఆధారపడిన ఇన్‌స్ట్రక్టర్ ఆ పని వదిలేయాలి, అది అతని జీవనోపాధి అయినా సరే. అలాగే పది మంది చేతులు పట్టుకుని పడే ఫార్మేషన్‌లో ఒకరి ఒళ్లు తూలితే మిగతావాళ్ల మీద పడవచ్చు. వాళ్లకు ముందే చెప్పడం మర్యాద ఒక్కటే కాదు, వాళ్ల హక్కు.

లీడ్ లేని పేస్‌మేకర్ వచ్చి ఈ చర్చను చాలావరకు మార్చింది. పెద్ద క్యాప్సూల్ అంత ఉండే మైక్రా అనే యంత్రాన్ని తొడ సిరలోంచి పంపి నేరుగా గుండె లోపలే అమరుస్తారు. 2016లో అమెరికాలో అనుమతి వచ్చింది. 2023లో రెండు గదులకూ రెండు క్యాప్సూల్స్ పెట్టే అవేర్ వ్యవస్థకూ అనుమతి దొరికింది. కాలర్ ఎముక కింద జేబు లేదు, తీగ లేదు, పట్టీ నలిపేదేమీ లేదు. స్కైడైవర్‌కు ఇది చాలా మంచి వార్త. అందరికీ సరిపోదు. గుండె వేగంగా కొట్టుకునేటప్పుడు ఒక్క క్యాప్సూల్‌తో పై గదినీ కింది గదినీ కలిపి నడపడం కష్టం. బ్యాటరీ అయిపోయినప్పుడు ఏం చెయ్యాలన్నది కూడా ముందే ఆలోచించాలి. అయినా దూకడం మానలేని యాభై ఏళ్ల మనిషికి డాక్టరు దీని గురించి చెప్పకపోతే, ఆ మనిషే అడగాలి.

తిరిగి వెళ్లేవాళ్లు మెట్టుమెట్టుగా వెళ్లాలి. లీడ్ కణజాలంలో నాటుకుని స్థిరపడటానికి, అవసరమైన విద్యుత్ స్థాయి నిలకడకు రావడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. అంతకు ముందు దూకడం తొందరపాటే. ఆ తర్వాత ట్రెడ్‌మిల్, దాన్ని బట్టి యంత్రం అంకెలు సరిచూసుకోవడం. ఆపైన నేల మీద వేలాడదీసిన హార్నెస్‌లో అరగంట కూర్చుని పట్టీ ఎక్కడ నొక్కుతోందో చూసుకోవడం, అవసరమైతే పట్టీ కింద మెత్త కుట్టించడం. గాలి సొరంగం, అంటే నిలువుగా వీచే గాలిలో తేలే ఇండోర్ స్కైడైవింగ్, మంచి మధ్యమెట్టు. చేతులు చాపి పట్టు నిలబెట్టుకోవడం తెలుస్తుంది, పారాచూట్ కుదుపు ఉండదు. అలాంటిది ఇప్పుడు హైదరాబాద్ శివారు గండిపేటలోనూ ఉంది. అక్కడా గుండె సంగతి ముందే చెప్పి, డాక్టరు మాట తీసుకుని, వాళ్లు ఒప్పుకుంటేనే వెళ్లాలి. ఆ తర్వాతి మొదటి జంప్ ఒంటరిగా, మెత్తగా తెరుచుకునే పెద్ద పారాచూట్‌తో, ఎత్తులోనే తెరుచుకునేలా ఉండాలి. రెండు మూడు జంప్‌లయ్యాక క్లినిక్‌కు వెళ్లి లీడ్ నిరోధం కొలిపించాలి. ఆ అంకె హఠాత్తుగా పెరిగితే తీగ తెగుతోందని, పడిపోతే పైతొడుగు చిరిగిందని అనుమానించాలి. తలుపు దగ్గర, పారాచూట్ తెరుచుకున్నప్పుడు గుండె మరీ వేగంగా కొట్టుకుని ఉంటే అది కూడా యంత్రం జ్ఞాపకంలో ఉండవచ్చు. డాక్టరుకు ఆ తేదీ, ఆ సమయం చెబితే వాళ్లు వెతికి చూస్తారు. దొరికితే అది మంచి సాక్ష్యం.

టాండమ్ ప్రయాణికులుగా వెళ్లేవాళ్ల గురించి ఒక్క మాట. అమెరికాలో, ఆస్ట్రేలియాలో పిల్లల దగ్గరికి వెళ్లిన మన తల్లిదండ్రులు, సరదా పడి టాండమ్ టికెట్ కొనే మనవాళ్లు ఇప్పుడు తక్కువేమీ లేరు. అమెరికా మాజీ అధ్యక్షుడు జార్జ్ బుష్ సీనియర్ 2014లో తన తొంభయ్యో పుట్టినరోజున టాండమ్‌లో దూకాడు. వయసు ఒక్కటే అడ్డు కాదని దాంతో తేలింది. టాండమ్‌లో ప్రయాణికుడికి పారాచూట్ నడిపే బాధ్యత లేదు, పట్టీల కుదుపు మాత్రం అదే. సంతకం పెట్టే ఫారంలో గుండె జబ్బు గురించిన ప్రశ్న ఉంటుంది. "లేదు" అని రాసేయండి నాన్నా, ఏం కాదు అని పిల్లలు తొందరపెట్టకూడదు. అది ఇన్‌స్ట్రక్టర్‌ను మోసం చేయడం, నాన్నను ప్రమాదంలోకి తోయడం.

ఇంతా చెప్పాక నా తీర్పు. గుండె నిర్మాణం బాగుండి, యంత్రం లేకపోయినా సొంతంగా నిలబడే లయ ఉండి, రక్తం పలచబరిచే మందులు లేకుండా, మూడు నెలలు దాటిన అనుభవజ్ఞుడైన స్కైడైవర్ దూకవచ్చు. సొంత హార్నెస్ సరిచేయించుకుని, యంత్రం అంకెలు సరిచూసుకుని, తన ప్రాణం మీదే తన బాధ్యత పెట్టుకుని. తీగ ఉన్న పేస్‌మేకర్ మీద పూర్తిగా ఆధారపడినవాళ్లు దూకకూడదు. ఐసీడీ ఉన్నవాళ్లు ఒంటరిగా దూకకూడదు. పేస్‌మేకర్ మీద ఆధారపడి, ఇతరుల ప్రాణం మోసే టాండమ్ ఇన్‌స్ట్రక్టర్లు ఆ పని మానాలి. మధ్యలో ఉన్నవాళ్ల సంగతి గుండె లయ చూసే వాళ్ల ఎలక్ట్రోఫిజియాలజిస్టు, వాళ్ల డ్రాప్‌జోన్ చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ ఒకే బల్ల దగ్గర కూర్చుని తేల్చాలి. ఒకరికి గుండె తెలుసు, ఇంకొకరికి పట్టీ తెలుసు. ఇద్దరిలో ఒక్కరి మాటే వింటే సగం నిజమే తెలుస్తుంది.

పేస్‌మేకర్ పెట్టించుకోవాలని ఇవాళ చెప్పించుకుని వచ్చిన స్కైడైవర్ ఎవరైనా ఇది చదువుతుంటే, ఆపరేషన్ తేదీకి ముందే మీ హార్నెస్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. తొడుక్కుని చూపించండి. పట్టీ ఎక్కడ ఒరుస్తుందో పెన్నుతో ఛాతీ మీద గుర్తు పెట్టించండి. జేబు కాస్త లోపలికో కిందికో జరపవచ్చా, కండరం కింద పెట్టవచ్చా, లీడ్ లేని యంత్రం నాకు పనికొస్తుందా అని అడగండి. కుట్లు పడ్డాక ఈ ప్రశ్నలకు జవాబులు మారవు.